అక్క చదవకూడని ఫైలు

"అత్తా, తాళం వేసి తాళంచెవి తలుపుకే వేలాడదీశావా?" అంది మా మేనకోడలు, కీబోర్డు కింద అంటించిన చీటీని గోటితో పీకుతూ.

చీటీ మీద నా పాస్‌వర్డ్ ఉంది. కళ్ళజోడు లేకపోయినా కనబడేలా పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను.

"మర్చిపోతానే," అన్నాను.

"పెద్దత్త చదివేస్తోందని మొన్న మా ఇంట్లో అందరి ముందూ మొత్తుకున్నావు. ఇలా పెడితే వీధిలో పోయేవాళ్ళు కూడా చదువుతారు."

నిజమే, మొత్తుకున్నాను. తమ్ముడింట్లో భోజనాల దగ్గర "అక్కాచెల్లెళ్ళు ఇంకా మాట్లాడుకోవడం లేదా?" అని అందరూ నవ్వుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. "మాటలొకటా! దొంగచాటుగా నా కంప్యూటర్లో రాసుకున్నవన్నీ చదువుతోంది, తెలుసా?" అనేశాను. ముందు అనడం, తర్వాత నాలిక కరుచుకోవడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. మేనకోడలి ఉద్యోగమేమో ఆఫీసుల కంప్యూటర్లకు కాపలా కాయడం. ఆదివారం పొద్దున్నే సంచీ తగిలించుకుని దిగిపోయింది.

అక్కా నేనూ ఉండేది ఒకే ఇంట్లో. ముందు గదిలో ఇరవై రెండేళ్ళుగా ఇద్దరం బట్టలు కుడుతున్నాం. ఏడు నెలల క్రితం గుడ్డ కత్తెరతో ఎవరో కాగితం కత్తిరించారు. కాగితం కోసిన కత్తెర మళ్ళీ గుడ్డను తిన్నగా కోయదు. కుట్టేవాళ్ళకి అది క్షమించరాని నేరం.

"నువ్వేనా?" అంది అక్క.

"నేనా!" అన్నాను, ఒళ్ళో కాగితం ముక్కలు పెట్టుకుని.

"ఒప్పుకునేదాకా నీతో మాట్లాడను."

నాకు మాత్రం పౌరుషం లేదూ? బుద్ధి లేదు గానీ పౌరుషం బోలెడుంది. ఆరోజు నుంచి మా ఇంట్లో కుట్టు మిషన్లే మాట్లాడుకుంటున్నాయి. ఇప్పుడు అక్క రెండు వీధుల అవతల గది చూసుకుంది. ఒకటో తారీకున వెళ్ళిపోతుందట. ఆ ముక్క నాకు చెప్పలేదు. నాకు వినబడేలా, గుండీలు అమ్మే ఆయనకి చెప్పింది.

"పోతే పోనీ," అని నేను ఇస్త్రీ పెట్టెకి చెప్పాను.

"ఇంతకీ పెద్దత్త చదువుతోందని ఎలా కనిపెట్టావు?" అంది మేనకోడలు.

"మెట్లెక్కితే మోకాలు పీకుతోందని నేను రోజూ రాసుకునే ఫైల్లో తప్ప ఎక్కడా అనలేదు. మర్నాటి నుంచీ మేడమీద ఆరేసిన నా బట్టలు వాటంతటవే కిందికి దిగొస్తున్నాయి. నీలం దారం అయిపోయిందని రాశాను. పొద్దున లేచేసరికి నా మిషన్ మీద నాలుగు ఉండలు! ఇంకేం సాక్ష్యం కావాలి?"

"అబ్బో, గజదొంగే," అంది అది నవ్వు ఆపుకుంటూ. "ఎప్పుడు చదువుతుంది?"

"నేను కూరలకి వెళ్ళినప్పుడు. ఓ అరగంట."

కూరల కొట్టు మా ఎదురు గుమ్మమేనని దానికి తట్టలేదు.

"కంప్యూటర్ ఆపేసి వెళ్ళొచ్చుగా?"

"ఆపితే మళ్ళీ లేవడానికి బద్ధకిస్తుందే, నాలాగే."

ఇక అది పనిలోకి దిగింది. పధ్నాలుగు అక్షరాల కొత్త పాస్‌వర్డ్ పెట్టింది. రెండు నిమిషాలు ముట్టుకోకపోతే తెర మూసుకుపోతుందట. ఆ ఫైలైతే నా కుడిచేతి చూపుడువేలు పెడితే తప్ప తెరుచుకోదట. తెర మీది కెమెరా కంటికి నేనే గుడ్డముక్కతో ముసుగు కుట్టాను, అంచు మడిచి మరీ. లోపల ఉన్నదేమో మోకాలి నొప్పీ, నీలం దారమూ. కాపలా మాత్రం రాజుగారి ఖజానాకి కూడా ఉండదు.

"వద్దులేవే," అని మధ్యలో రెండుసార్లు గొణిగాను. గట్టిగా అందామంటే మొన్న అందరి ముందూ వేసిన వీరంగం గుర్తొచ్చింది.

"ఇక పెద్దత్త కాదు కదా, దేవుడు దిగొచ్చినా చదవలేడు," అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది.

తాళం భేషుగ్గా పనిచేసింది. సోమవారం నుంచీ మేడమీది బట్టలు మేడమీదే ఉన్నాయి. కూరల కొట్లో గంటసేపు నిలబడి ఒక్కో వంకాయనీ పలకరించి వచ్చినా, కంప్యూటర్ ముందు కుర్చీ నేను జరిపినచోటే ఉంది. మంగళవారం అక్క కీబోర్డు ఎత్తి చూడడం కిటికీలోంచి నా కళ్ళారా చూశాను. చీటీ లేదు. కీబోర్డు ఎక్కడిదక్కడ పెట్టేసింది. ఆ మధ్యాహ్నమే అట్టపెట్టెలకి తాడు బిగించడం మొదలుపెట్టింది.

శుక్రవారం ఒకటో తారీకు. పొద్దున్నే సామాను బండి వచ్చి గుమ్మం ముందు ఆగింది. అట్టపెట్టెలు ఎక్కాయి. అక్క కుట్టు మిషన్ ఎక్కుతోంది. నేను ఆ మోకాలితోనే కంప్యూటర్ దగ్గరికి పరుగెత్తి మేనకోడలికి ఫోన్ చేశాను.

"ఆ తాళం తీసెయ్యవే! ఇప్పుడే! ఎక్కడ నొక్కాలో చెప్పు!"

"ఏమైందత్తా? ఎవరైనా తెరిచారా?"

"ఎవరూ తెరవలేదు."

"మరింకేం? తీసేస్తే పెద్దత్త మొత్తం చదివేస్తుంది!"

గుమ్మం పది అడుగుల దూరంలో ఉంది. అక్క అక్కడే, వీపు ఇటు పెట్టి నిలబడింది. నేను ఫోన్‌ని నోటికి ఆనించుకుని, గొంతు తగ్గించి అన్నాను:

"ఏడు నెలలుగా తను చదవాలనే కదే రాస్తున్నాను, 'కత్తిరించింది నేనే, వెళ్ళకక్కా' అని నువ్వొచ్చే ముందు శనివారం రాత్రే రాసేస్తే, అది కాస్తా నీ తాళంలో ఇరుక్కుపోయింది!"