నీలిబుగ్గకు కాపలా

"మళ్లీ తయారయ్యావా, సిగ్గులేనిదానా!"

కాపలామ్మ ఆ గడ్డిపరకను వేళ్లతో సహా లాగి బుట్టలో పడేసింది. సూదిలా సన్నగా, మొదలు దగ్గర ఎర్రగా ఉంటుంది. ఎర్రకాళ్ల గడ్డి అని పేరు తనే పెట్టుకుంది. కొండంతా ఖాళీగా ఉన్నా సరిగ్గా తన పిల్లల పక్కనే మొలుస్తుంది, నోటికాడ నీళ్లు లాక్కోవడానికన్నట్టు.

పిల్లలంటే పదకొండు నీలిబుగ్గ మొక్కలు. గుండ్రటి ఆకులు, ఏడాదికోసారి గోళీకాయంత నీలిపువ్వు. ఈ వాలులో తప్ప లోకంలో ఇంకెక్కడా లేవట. ఆరేళ్ల కిందట మొక్కల ఆఫీసువాళ్లు కంచె వేసి ఆమెను కాపలా పెట్టినప్పుడు నలభై ఉండేవి.

ఆమెకు అన్నీ భయాలే. మేక దూరితే? కింద క్వారీ దుమ్ముకు ఊపిరాడకపోతే? ఎవరైనా పువ్వు తెంపుకుపోతే? రోజూ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడుస్తుంది. ఉరిమితే చాలు, గొడుగు పట్టుకుని పరిగెడుతుంది. కడుపున పుట్టినవాళ్లు లేరు. రేకుల గదిలో పలకరించే దిక్కు లేదు. నెలకోసారి వచ్చే మొక్కల మేడందే ఆమె వినే మనిషి గొంతు.

ఆ మేడం ఈసారి నెల తిరక్కుండానే వచ్చింది.

"మీరు చెప్పకుండా వచ్చారంటేనే నా గుండె జారిపోయింది. ఏమైందమ్మా?"

"రేపు మీటింగ్ పెద్దమ్మా. పాత మొక్కలు ఒక్కొక్కటే పోతున్నాయి, కొత్తది ఒక్కటీ రావట్లేదు, ఇక కాపలా దేనికంటున్నారు. కంచె పీకేసి కొండను క్వారీకి ఇచ్చేస్తారట."

కాపలామ్మ ఉన్నచోటే చతికిలపడింది.

"నేనేం తక్కువ చేశానమ్మా? ఒక్క మేకను రానిచ్చానా? ఒక్క కలుపు పరక ఉంచానా? ఇందాకే అంతా అద్దంలా చేశాను, చూడండి!"

"నిన్నెవరంటారు? కన్నతల్లి కూడా ఇంతలా చూసుకోదు." మేడం ముఖంలో నవ్వు ఆగడం లేదు. "అసలు మంచి కబురు తెచ్చాను. నీలిబుగ్గ గింజ మొలవడం ఇంతవరకూ ఎవరూ చూడలేదు కదా? మా ల్యాబులో మొలిచింది!"

"నా తల్లే! బతికే ఉందా? ఎండ తగలనివ్వట్లేదు కదా?"

"బంగారంలా ఉంది. ఇన్నాళ్లూ మనం గుండ్రటి ఆకుల కోసం వెతికాం పెద్దమ్మా. కానీ పసిమొక్కకు తల్లి పోలికే లేదు. రూపం తెలిసింది కాబట్టి ఇప్పుడు వెతుకుదాం. ఇక్కడ ఒక్కటి కనబడినా చాలు, రేపు కొండ మనదే."

కాపలామ్మ గబగబా చేతిమట్టి దులుపుకుని, మేడం ఫొటో తెరిచి చాపిన ఫోను అందుకుంది. కళ్లకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుంది.

"ఎంత ముద్దుగా ఉందో కదూ?" మేడం ఆమె భుజం మీంచి తొంగిచూసింది. "ఎక్కడైనా కనబడిందా నీకు?"

ఫొటోలో ఉన్నది ఎర్రకాళ్ల గడ్డి.