వీపు మీద ఈకలు

చర్చి వెనక పెరట్లో ఉండే ముసలి గొర్రె మార్తమ్మ దగ్గరికి ఓ టర్కీ పెట్ట ఏడుస్తూ వచ్చింది. దాని వీపు మీద ఒక్క ఈక లేదు.

"నేను పుట్టుకతోనే అనాకారినట పెద్దమ్మా. నన్ను భరిస్తున్నది తనొక్కడేనని మా పుంజు రోజూ అంటాడు. నాకు ఈకలు రావాలని ప్రార్థన చెయ్యి."

"చేస్తాను. ముందిది చెప్పు, ఆ ఈకలు పీకిందెవరు?"

పెట్ట తల దించుకుంది. "ఆయనే. కానీ తప్పు నాదేనంటాడు."

గోపురం మీది పావురం కల్పించుకుంది. "క్షమించి ఇంటికి వెళ్లిపోమ్మా. దేవుడు చెప్పిందదే కదా!"

"నోర్ముయ్! దేవుడు క్షమించమన్నాడు గానీ, మళ్లీ వెళ్లి వీపు అప్పగించమన్నాడా?" అని మార్తమ్మ మండిపడింది.

అంతలో పుంజు కంచె దగ్గరికి వచ్చి కన్నీళ్లు పెట్టుకుంది. "నువ్వు లేక నా తోక ఎలా వాలిపోయిందో చూడవే! పద ఇంటికి."

పెట్ట కంచె వైపు నడిచి ఆగింది. "మరి నా వీపు?"

"ఇప్పుడు నీ వీపు గొడవెందుకే? నా తోక చూడమంటుంటే!"

పెట్ట వెనక్కి వచ్చి మార్తమ్మ పక్కన కూర్చుంది. "మీ కోసం ప్రార్థన చేస్తానండీ. ఇక్కణ్ణించే చేస్తాను."

పుంజు తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు పెట్ట కంగారుపడింది. "వీపంతా ఒకటే దురద పెద్దమ్మా, జబ్బేమో?"

"జబ్బు కాదే పిచ్చితల్లీ, ఈకలు మొలుస్తున్నాయి."