మైకు పేరయ్య

"మగాళ్ళు బయటికెళ్ళాలి," అంది నర్సు మెహర్.

"ఎందుకెళ్ళాలి? నాకు తెలీని జబ్బు నా పెళ్ళానికేముంటుంది?" పేరయ్య కుర్చీలోంచి కదల్లేదు. "పత్తిచేలో కట్టె గీసుకుంది. మందు రాసి పంపండి."

వెంకటరావమ్మ వాచిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. జబ్బు ఆమెది, జవాబులన్నీ ఆయనవి.

ఆసుపత్రికొచ్చిన ప్రతి ఆడమనిషినీ ఒంటరిగా కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా అని అడగాలని పైనుంచి ఆర్డరు. ఆ సంగతి పర్చూరు చుట్టుపక్కల ఊళ్ళల్లో చాటడానికి ఆసుపత్రివాళ్ళు పెట్టుకున్నది ఎవర్నో కాదు, ఈ పేరయ్యనే. ఆయనకో మైకు ఆటో ఉంది. మైకుసెట్టు ఆన్‌లో ఉంటే చాలు, ఆయన ఫోన్లో ఏది మోగినా బ్లూటూతులో ఆటో మీది మైకు హారన్లు అందుకుంటాయి. పొద్దంతా మోగేది ఆయన గొంతే: "భార్యను కొట్టడం నేరం! అక్కలారా, ధైర్యంగా చెప్పండి!"

డాక్టర్ లక్ష్మీకాంత్ తలుపులోంచి తొంగిచూశాడు. "ఆయన ముందే అడిగెయ్యమ్మా. మన దగ్గర అట్టాంటి కేసుల్లేవు. జిల్లాలో సున్నా చూపించింది మనమే. అవార్డు కూడా ఇస్తామన్నారు."

అడగనప్పుడు సున్నా రాక ఇంకేమొస్తుంది?

"అదీ మాట! డాక్టరుగారంటే అట్టుండాలి," అన్నాడు పేరయ్య.

మెహర్ వినలేదు. "రూలు రూలేనండి. ఓపీ చీటీ ఇవ్వక్కా."

"ఆటోలో మర్చిపోయా," అని రావమ్మ పరుగెత్తుకెళ్ళి తెచ్చింది. ఆటో ఆ గది కిటికీ బయటే ఆపి ఉంది.

"తలకాయ మర్చిపోలేదు, సంతోషం!" అంటూ పేరయ్య ఎట్టకేలకు లేచాడు. జేబులోంచి ఫోను తీసి ఏదో నొక్కాడు. రావమ్మ చేతిసంచిలో ఫోను గుర్రుమంది.

"ఎప్పట్లాగే ఎత్తి సంచిలో ఉంచు," అని ఆమె చెవిలో గొణిగి వరండాలోకి వెళ్ళాడు.

మెహర్ తలుపేసి గొంతు తగ్గించింది. "ఇప్పుడు చెప్పక్కా. ఇంట్లో ఎవరైనా కొడుతున్నారా?"

రావమ్మ సంచిలోంచి ఫోను తీసి చూపించింది. కాల్ నడుస్తోంది. తెర మీద పేరయ్య పేరు. మెహర్ గబుక్కున కట్ చెయ్యబోయింది. రావమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది.

"కొడతాడు సిస్టర్! పెళ్ళాన్ని కొట్టడం నేరమని పొద్దంతా మైకులో అరిచి, ఇంటికొచ్చి ఆ మైకు వైరుతోనే కొడతాడు! ఈ చెయ్యి కట్టె గీసుకుని కాదు, ఆ వైరు దెబ్బే!"

మెహర్ ఆమె మీదికి వంగింది. "అక్కా, ఆయన వింటున్నాడు! ఇంటికెళ్ళాక చంపేస్తాడు!"

అనేసి ఆగిపోయింది. రావమ్మ అరుపులో ఇందాక తెలీలేదు గానీ, ఇప్పుడు తన మాటే కిటికీ అవతల నుంచి ఇంకోసారి, ఊరదిరేట్టు వినపడింది.

తొంగిచూసింది. వరండాలో చీటీలు పట్టుకుని కూర్చున్న మిరపకోత ఆడకూలీలంతా లేచి నిలబడ్డారు. వాళ్ళ మధ్యలో పేరయ్య కంగారుగా ఫోను కట్ చెయ్యబోయి సౌండు పెంచాడు.

"ఒక్కడే వింటే చంపుతాడు సిస్టర్," అంది రావమ్మ. "అందుకే చీటీ కోసం వెళ్ళినప్పుడు మైకుసెట్టు ఆన్ చేసొచ్చా."