విడి మాత్ర

“మళ్ళీ దిగబడింది మహాతల్లి!” అంది బెలెన్, కొట్టు జాలీలోంచి తొంగిచూసి.

ఇలోయిలో అనే పట్నంలో, రేవు వెనక సందులో ఉంది ఆ కొట్టు. దాని ముందే మురుగుకాలువ. కాలువ పక్కన గొంతుక్కూర్చుని ఒక నడివయసు మనిషి ఆ నీళ్ళు గాజుసీసాలో పడుతోంది. ప్రతినెలా వస్తుంది, మురుగు పట్టుకుపోతుంది. సందులోవాళ్ళు ఆమెకు పెట్టిన పేరు మురుగు దొరసాని.

సీసా సంచిలో పెట్టుకుని ఆమె జాలీ దగ్గరకొచ్చింది.

“అక్కా, ఆ డబ్బాలో క్యాప్సూల్స్ ఇంకా విడిగానే అమ్ముతున్నారా?”

అదొక పాత రేకు బిస్కెట్ డబ్బా. మూతమీద గులాబీ బొమ్మ సగం చెరిగిపోయింది. వచ్చినప్పుడల్లా ఆమె చూపు దానిమీదే ఉంటుంది.

“అమ్మితే నీకేం నొప్పి?”

“ఒకటి మింగి, కాస్త తగ్గగానే ఆపేస్తారు. చావకుండా మిగిలిన క్రిములు ఆ మందుకు ఆరితేరిపోతాయి. రేపు ఎంత మందు పోసినా లొంగవు. అవి ఈ కాలువలోనే ఉన్నాయక్కా. నేను ల్యాబులో పెంచి చూశాను.”

“క్రిముల్ని పెంచుతావా? కోళ్ళని పెంచుకోరాదూ, నాలుగు గుడ్లైనా పెడతాయి!”

అరుగుమీద పందెంకోడి కాలికి కత్తి కట్టి చూసుకుంటున్న బెలెన్ మొగుడు డోమింగ్ పగలబడి నవ్వాడు.

బెలెన్‌కి ఇంకా ఊపొచ్చింది.

“చూడమ్మా, అట్ట మొత్తం కొనే స్తోమతుంటే నా కొట్టుకెందుకొస్తారు? ఒళ్ళు కాలిపోతున్న బిడ్డనెత్తుకుని తల్లి వస్తే, లేదు పొమ్మననా?”

ఆమె మొహం వాడిపోయింది.

“మా అమ్మా ఇదే మాట అనేది,” అని అక్కడే నిలబడిపోయింది.

సరుకుకొచ్చినవాళ్ళంతా వింటున్నారు. బెలెన్‌కి ఒళ్ళు మండింది. చేపలు కడిగిన బకెట్ ఎత్తి గుమ్మం ముందు గుమ్మరించింది. ఆమె మీద కాదు, కాళ్ళ ముందే. అయినా ఆమె జారిపడింది. సంచిలో సీసా పగిలి, పెంకు అరచేతిలో దిగింది.

అందరూ గొల్లున నవ్వారు.

బెలెన్ మనసు కలుక్కుమంది. కానీ ఆ నోరు ఊరుకుంటుందా! డబ్బాలోంచి ఒక క్యాప్సూల్ తీసి జాలీలోంచి చాపింది.

“ఇంద, విప్పి ఆ పొడి చల్లుకో. ఊరికే ఇస్తున్నాలే.”

ఆమె ఆ క్యాప్సూల్ వైపు అలా చూస్తూ ఉండిపోయింది. కళ్ళనిండా నీళ్ళు. తీసుకోలేదు. చేతికి రుమాలు చుట్టుకుని, గాజుపెంకులు ఒక్కటి వదలకుండా ఏరుకుని వెళ్ళిపోయింది.

నెల తిరిగినా రాలేదు. పీడా విరగడైందనుకుంది బెలెన్.

వానలు పట్టాయి. ఓ ఆదివారం పందెంలో కోడికత్తి డోమింగ్ పిక్కలో దిగింది. సందులో మోకాల్లోతు మురుగునీళ్ళు. అందులోంచే నడిచి ఇల్లు చేరాడు. బెలెన్ ఎప్పటిలాగే క్యాప్సూల్ విప్పి పొడి చల్లింది, ఒకటి మింగించింది. దెబ్బతిన్న కోడికీ కాస్త పెట్టింది.

కోడి కోలుకుంది. డోమింగ్ కాలు మొద్దులా వాచి నల్లబడింది.

పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరు తల అడ్డంగా ఊపాడు.

“ఏ యాంటీబయాటిక్ ఇచ్చినా ఈ క్రిమి చావట్లేదమ్మా.”

“కాలు తీసేస్తారా బాబూ?”

“ముందు మనిషి దక్కాలి కదా.”

ఆ రాత్రంతా బెలెన్ మొగుడి మంచం పక్కనే నేలమీద కూర్చుంది. ఆయన లేని ఇల్లు ఆమె ఊహకు కూడా అందలేదు.

మర్నాడు ల్యాబునుంచి కబురొచ్చింది. మందు మార్చారు. జ్వరం దిగడం మొదలైంది. డోమింగ్ కళ్ళు తెరిచి కోడి ఎలా ఉందని అడిగాడు.

“మీరు దేవుడు బాబూ!” అని బెలెన్ డాక్టరు చేతులు పట్టుకుంది.

“నేను కాదమ్మా. ఇదే క్రిమి ఈమధ్య ఇంకొకావిడ రక్తంలో దొరికింది. రెండు మందులు కలిపితే లొంగుతుందని ఆవిడ శిష్యులే వెతికి పట్టుకున్నారు. అది తేలేసరికి ఆవిడ పరిస్థితి చేయిదాటిపోయింది. మొన్ననే పోయారు.”

“ఎవరు బాబూ ఆవిడ?”

“డాక్టర్ నెనిత. బతుకంతా ఈ క్రిముల మీదే పనిచేశారు. అరచేతిలో గాజుపెంకు గుచ్చుకుందట. ఎక్కడ తగిలిందంటే, ‘మా ఇంటిముందు జారిపడ్డాను’ అన్నారు, అంతే.”

“ఆవిణ్ణి ఎక్కడుంచారు బాబూ?” అని అడిగింది బెలెన్.

సాయంత్రం బిస్కెట్ పొట్లం పట్టుకుని శవజాగారానికి వెళ్ళింది. రాత్రంతా మేలుకోవడానికి వాకిట్లో పేకాట, కాఫీ. లోపల శవపేటిక పక్కన ఒక ముసలావిడ రుమాలుతో దాని మూత అద్దం తుడుస్తోంది. అద్దం కింద నెనిత. అరచేతికి తెల్లటి కట్టు.

ముసలావిడ తలెత్తింది.

బెలెన్ గుర్తుపట్టింది. తనకు ఇల్లూ కొట్టూ అమ్మేసి వెళ్ళిపోయిన చారింగ్ అత్త!

“బెలెనూ! నువ్వా తల్లీ! మా నెనిత నీ దగ్గరకొస్తూ ఉండేదటగా? ఆ గులాబీ డబ్బా ఇంకా వాడుతున్నావా?”

అవునన్నట్టు తలూపింది బెలెన్.

“పారెయ్యమ్మా. నా చిన్నాడికి జ్వరమొచ్చినప్పుడల్లా అందులోంచే ఒక్కోటి వేసేదాన్ని. తగ్గగానే ఆపేసేదాన్ని. చివరికి ఏ మందూ పనిచెయ్యలేదు. అక్క ఒళ్ళోనే పోయాడు. తమ్ముణ్ణి చంపిందేమిటో కనుక్కుంటానని చదువు పట్టుకుంది, ఇక వదిలితేనా! నన్ను మాత్రం ఏనాడూ ఒక్క మాట అనలేదు.”

“నీ తప్పేముంది అత్తా...” అంది బెలెన్, ఏడుపు ఆపుకోలేక.

ముసలావిడ అద్దం మీద చెయ్యి ఆనించింది.

“ఆఖరిది నేను వెయ్యలేదే బెలెనూ. నేను బేరంలో ఉన్నాను. ఆ డబ్బాలోంచి తీసి, తగ్గిపోతుందిరా అని తమ్ముడి నోట్లో వేసింది, మా నెనితే.”