ఉత్త సాంచా

ముందు గదిలో, తాము సాంచా అని పిలిచే మరమగ్గం మీట నొక్కాడు దశరథం. నూలు లేదు, పడుగు లేదు. ఉత్త సాంచా ఇల్లదిరేలా ధడధడలాడింది.

లోపలి గదిలో భార్య కొమురవ్వ దగ్గు ఆ చప్పుడులో మునిగిపోయింది.

కరోనా రెండోసారి సూరత్ మీద విరుచుకుపడ్డ రోజులు. వలసొచ్చిన తెలుగు నేతగాళ్ల గల్లీ అది. బట్టల మార్కెట్టు మూతబడింది. దగ్గు వినబడితే చాలు, మునిసిపాలిటీ వాళ్లొచ్చి తలుపుకి కాగితం అంటిస్తారు. మనిషిని తీసుకుపోతారు. ఆ మనిషి తిరిగొస్తుందన్న నమ్మకం లేదు. ఇక ఆ గడప ఎవరూ తొక్కరు.

ఎదురింటి గంగారాం కిటికీ సందులోంచి అరిచాడు.

"ఏం బావా, ఆర్డర్ దొరికినట్టుందే! సాంచా ఆగుతనే లేదు!"

"జర దొరికింది! మరి నీకు?"

"మస్తు! తిననీకి గూడ పురుసత్ లేదు!"

నిజమే, అతని సాంచా పొద్దున్నుంచీ ఆడుతూనే ఉంది. పక్కింటి ఎల్లవ్వదీ అంతే. మార్కెట్టే లేనప్పుడు వీళ్లకి సరుకెవడిస్తున్నాడో! అంత భయంలోనూ దశరథానికి కడుపు మండింది.

కూతురు నీరజ వచ్చి చెవి దగ్గర అరిచింది.

"బాపూ, అమ్మ రెండు మాటలు గూడ కలిపి మాట్లాడలేకపోతుంది. పెదాలు నీలంగైనయి. నూట ఎనిమిదికి ఫోన్ చేస్తున్న."

"వద్దు బిడ్డా! అంబులెన్స్ గల్లీలకొస్తే మన పనైపాయె. గంగారాం ఒక్కడు జూస్తే చాలు, ఊరంత టాంటాం."

"గంగారాం మామ ఏమనుకుంటడోనని అమ్మను సంపుకుంటవా?"

దశరథం లోపలికి వెళ్లాడు. కొమురవ్వ గోడకానుకుని కూర్చుంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి.

"జర... గాలి..." అంది. ఆపైన మాట రాలేదు.

దశరథం గిరుక్కున కూతురి వైపు తిరిగాడు.

"చెయ్యి బిడ్డా! ఎవడేమన్న అనుకోనీ, ఫోన్ చెయ్యి!"

నీరజ నంబరు నొక్కుతుండగానే కరెంటు పోయింది.

గల్లీ గల్లీ అంతా ఒక్కసారిగా చప్పుడాగిపోయింది. సరిగ్గా అప్పుడే కొమురవ్వకి దగ్గుతెర ముంచుకొచ్చింది. గల్లీ చివరిదాకా వినబడేంత దగ్గు. దశరథం ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయి, ఆగి, బిక్కచచ్చి ఎదురింటి కిటికీ వైపు చూశాడు.

కిటికీ తెరుచుకోలేదు. ఎదురింట్లోంచి గంగారాం దగ్గు, పక్కింట్లోంచి ఎల్లవ్వ దగ్గు, గల్లీ పొడుగునా ఆగిపోయిన ఒక్కో సాంచా వెనక నుంచి ఒక్కో దగ్గు వినబడసాగాయి.