సాక్ష్యం ఉన్నవారు రావాలి

“రెండు వందల గంటలు సేవ చేశానంటావు. చూసినవాళ్ళు ఒక్కరూ లేరు. గాలికి చేశావా?” వైస్ ప్రిన్సిపాల్ సేవా పురస్కారం దరఖాస్తును బల్ల మీద పడేసింది.

ఎదురుగా కూర్చున్న ఫైనలియర్ అమ్మాయి తల దించుకుంది. “ఫోన్‌లో మాట్లాడే పని మేడమ్. చచ్చిపోవాలనిపించినవాళ్ళు హెల్ప్‌లైన్ నంబరుకి చేస్తారు. వాళ్ళ పేర్లు మేం అడగం, మా పేర్లు చెప్పం. ఆ హెల్ప్‌లైన్ కేంద్రం వాళ్ళ ఉత్తరం జతచేశాను కదా.”

“ఉత్తరాలకేం భాగ్యం. కిందటేడు ఒకడు ఒక్క మొక్కా నాటకుండా నర్సరీ ముద్ర వేయించుకొచ్చి పురస్కారం కొట్టేశాడు. ఆ తలవంపులు నాకింకా తీరలేదు.”

సిబ్బంది పురస్కారం గొడవ లేకుండానే తేలిపోయింది. సెలవు రోజుల్లో చూపులేని పిల్లలకి పాఠాలు చదివి వినిపించే లైబ్రరీ అటెండరుకి ఇచ్చారు. చిక్కంతా విద్యార్థులతోనే వచ్చిపడింది. అందుకే వైస్ ప్రిన్సిపాల్ పొద్దున్నే నోటీసు బోర్డులో పెట్టించింది: హెల్ప్‌లైన్‌లో ఈ అమ్మాయి వల్ల మేలు పొందినవారెవరైనా ఉంటే సాయంత్రం నాలుగింటిలోగా వచ్చి చెప్పాలని.

“ఆ నోటీసు తీయించండి మేడమ్. నాకు పురస్కారం వద్దు. చదివినవాళ్ళు హడలిపోతారు. మళ్ళీ ఫోన్ చెయ్యరు.”

“అంటే సాక్ష్యం లేదని ఒప్పుకున్నట్టేగా? అయినా వేళకి తిని తిరిగే పిల్లలకి చచ్చేంత కష్టాలేముంటాయమ్మా?”

గోడ గడియారంలో నాలుగు దాటింది. వైస్ ప్రిన్సిపాల్ ఎర్ర పెన్ను తీసి, జాబితాలో ఆ పేరు మీద అడ్డంగా గీత కొట్టింది.

అప్పుడే తలుపు తోసుకుని ఆమె కూతురు లోపలికి వచ్చింది. అదే కాలేజీలో ఫస్టియర్. రోజూ క్లాసులయ్యాక తల్లి కారులోనే ఇంటికి వెళ్తుంది.

“కూర్చోమ్మా, రెండు నిమిషాల్లో బయల్దేరదాం,” అంది తల్లి, కాగితాలు సర్దుకుంటూ.

“ఆలస్యమైందా అమ్మా?”

ఆ గొంతు వినగానే ఫైనలియర్ అమ్మాయి కుర్చీలోంచి దిగ్గున లేచింది. వద్దు, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపుతోంది.

వైస్ ప్రిన్సిపాల్ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. “దేనికే ఆలస్యం?”

“సాక్ష్యం చెప్పడానికి.”