నూటికి నూరు

"ఓటేశారా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి."

అద్దకం షెడ్డు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు యజమాని. ఎదురుగా అతని పనివాళ్ళు, ఆడా మగా అందరూ, చేతులు వెనక్కి పెట్టుకుని నేలచూపులు చూస్తున్నారు.

"లేదు బాబూ," అంది పెద్దమ్మ. తొట్లలో రంగు కలిపేది ఆవిడే. వయసులో అందరికంటే పెద్దది కాబట్టి షెడ్డు మొత్తానికీ పెద్దమ్మ.

యజమానికి తల కొట్టేసినట్టయింది. ఓటు వెయ్యనివాడికి కుళాయి కట్టేసేలా చట్టం తేవాలని వ్యాపారుల సమావేశంలో బల్ల గుద్ది మరీ చెప్పిన మనిషి. "ముందు మీవాళ్ళ చేత వేయించండి చూద్దాం" అని ఎవరో దెప్పితే, "నా షెడ్డు నూటికి నూరు" అని మాటిచ్చేశాడు. అప్పట్నుంచి ఊళ్ళో అతని పేరే నూటికి నూరు అయిపోయింది. ఇందాకే గుండీల కొట్టు ఆయన సైకిలు ఆపి మరీ చెప్పి వెళ్ళాడు. "మీవాళ్ళు ఓట్లేసే బడి దాకా గుంపుగా వెళ్ళి, ఊరికే తిరిగొచ్చేశారండోయ్." ఆయన నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.

"ఎండగా ఉందనా? వరస పొడుగ్గా ఉందనా?"

"అది కాదు బాబూ..."

"మరేంటి? మధ్యాహ్నం సెలవిచ్చానా లేదా?"

ఇచ్చాడు. పొద్దున్నే వెళ్ళొస్తామని పెద్దమ్మ అడిగిన మాట నిజమే. నల్లరంగు తొట్టి మరుగుతుంటే ఎలా వెళ్తారు, అందరూ తలో చెయ్యీ వేసి సరుకు దింపాకే కదలమన్నాడు. అందులో తప్పేముంది? ఓటు ఓటే, పని పనే.

ఇస్త్రీ చేసే అతను ఏదో చెప్పబోయాడు. పక్కావిడ మోచేత్తో పొడిచింది. అతను నోరు మూసుకుని తల ఇంకా కిందికి దించేశాడు. వాళ్ళ ముఖాల్లో ఉన్నది సిగ్గని యజమానికి తెలుస్తూనే ఉంది. ఆ మాత్రం ఉండాల్సిందేలే అనుకున్నాడు.

"వీళ్ళని తీసుకెళ్ళింది నేనే. వెనక్కి తీసుకొచ్చిందీ నేనే," అంది పెద్దమ్మ. "అనేదేదో నన్ననండి."

"అయితే రేపట్నుంచి నువ్వు పనిలోకి రానక్కర్లేదు."

పెద్దమ్మ మొగుడు మంచం పట్టి ఉన్నాడని, ఆవిడ తెస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుందని అక్కడ తెలియనివాళ్ళు లేరు. యజమానికీ తెలుసు. ఆవిడ మాత్రం బతిమాలలేదు.

"సరే బాబూ. ఆ చివరి తొట్టి కింద మంట తగ్గించమనండి, గుడ్డ మాడిపోతుంది," అని చెప్పి వెళ్ళిపోయింది.

యజమానికి మనసులో ఎక్కడో చివుక్కుమంది. కానీ అన్నమాట వెనక్కి తీసుకుంటే ఇక ఎవరు లెక్కచేస్తారు? చెప్పులేసుకుని తనూ ఓటు వెయ్యడానికి బయల్దేరాడు. తనవాళ్ళందరూ వేశాక ఆఖర్న తను వేసి ఫొటో దిగాలని పొద్దుట్నుంచీ ఆగాడు. ఇప్పుడా ఫొటోకి ముఖమే లేదు. దారిలో ఎవరు పలకరించినా వినపడనట్టు నడిచాడు.

బడిలో జనం పల్చబడ్డారు. వేలికి ఇంకు పెట్టే అధికారి ఆవలిస్తున్నాడు. వేరేవాళ్ళు చెప్పేలోపు తనే చెప్పేస్తే పరువు కొంతైనా దక్కుతుందని యజమాని గొంతు సవరించుకున్నాడు.

"మా అద్దకం షెడ్డువాళ్ళు ఓటు వెయ్యకుండా వెళ్ళిపోయారటండి. నాకు తలెత్తుకోవాలంటే సిగ్గుగా ఉంది."

"అద్దకం షెడ్డా? ఓహో, వాళ్ళు మీవాళ్ళా?" అధికారి ఆవలింత ఆగిపోయింది. "మహా గడుసువాళ్ళండీ బాబూ. ఎక్కడో ఒక ఓటు వేసేసినట్టున్నారు. వేలిమీద ఇంకు మాకు కనపడకూడదని మోచేతుల దాకా నల్లరంగు పూసుకుని వచ్చారు, అందరూను. దొంగ ఓట్లు వేస్తారా అని వరసలో అందరి ముందూ దులిపేసి పంపించాను. ఒక ముసలావిడైతే ఆ కుళాయి దగ్గర కూర్చుని, చర్మం లేచిపోయేలా ఇసకతో తోముకుని మళ్ళీ వచ్చింది. రంగు పోతేగా? అయినా నేను రానివ్వలేదు."

యజమాని సిగ్గుతో చచ్చిపోయాడు. అది తన తొట్టిలో రంగని చెప్పాలి. పొద్దున వాళ్ళని ఆపింది తనేనని చెప్పాలి. అనుకుంటూనే తల దించేసుకున్నాడు.

"అయ్యో, దానికి మీరెందుకండీ అలా అయిపోతారు?" అన్నాడు అధికారి, అతని చెయ్యి అందుకుని. "ఇలా పెట్టండి. పొద్దుట్నుంచీ ఇంత శుభ్రమైన చెయ్యి చూడలేదు."